అమ్మకి కట్టిన పటం

పటాలు కట్టే దుకాణం ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే ఇప్పటికీ నేను రోడ్డు అవతలి పక్కకి మారిపోతాను. ఉడికించిన మైదా జిగురు, కొత్త వార్నిషు, ఆ రెండు వాసనలూ కలిసి ముక్కుకి తగిలాయంటే చాలు, ఇంక అక్కడ నిలబడలేను. మా ఆయన ఉన్నన్నాళ్ళూ దీనికి నవ్వేవారు. "ఇంటి నిండా పటాలు పెట్టుకున్నదానివి, పటాలు కట్టేవాణ్ణి చూస్తే మొహం తిప్పుకుంటావేమిటే" అనేవారు. ఆయనకేం, నవ్వుతారు. ఆ పాడు పటం వాళ్ళమ్మకి కట్టింది కాదుగా.

బొమ్మల పిచ్చి నాకు మా అమ్మ అంటించిందే. మాది కొత్తపేటకి దగ్గర్లో, కాలవ పక్కన పల్లెటూరు. నాన్నది వ్యవసాయం. వరి, కొబ్బరి, గడ్డిమేట్లు, ఎడ్లజత, ఆ తరవాతే అమ్మా నేనూ. నన్ను అయిదో తరగతితో బడి మానిపించారు. చదువు మర్చిపోతానేమోనని రాజమండ్రిలో ఉండే మా మేనమామ తను చదివేసిన మాసపత్రికలన్నీ కట్ట కట్టి పడవ మీద పంపించేవాడు. ఆ పత్రికల్లో మొదట్లోనే ఒక రంగుల బొమ్మ ఉండేది. దళసరి కాగితం మీద విడిగా అచ్చువేసి, ఒక్క అంచు మాత్రం జిగురుతో అంటించి, పైన పల్చటి కాగితం కప్పేవారు. అప్పట్లో కొత్త పద్ధతిలో బొమ్మలు వేస్తున్న పెద్ద పెద్ద చిత్రకారులవి అవి. బెంగాలు వాళ్ళవి, మన ఆంధ్రులవి, ఎప్పుడైనా ఒకటీ అరా తెల్లదేశాల వాళ్ళవి.

అమ్మకి అక్షరం ముక్క రాదు. నేను కథ చదివి వినిపిస్తే సగంలో గుర్రు పెట్టేది. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం లేచి కూచునేది. చేతులు కడుక్కుని, చెంగుకి తడి పోయేదాకా తుడుచుకుని, పల్చటి కాగితం ఎత్తి చూసేది. "ఈ పిల్ల ఇందాకే ఏడ్చిందే, కళ్ళు చూడు" అనేది. ఎవరో తెల్లవాడు బల్ల మీద పళ్ళెం, పళ్ళెంలో పళ్ళు వేస్తే, అది చూసి మా మేనత్త "బల్ల వంకరగా ఉంది, వీడికి గియ్యడం రాదు" అని తేల్చేసింది. అమ్మ మాత్రం చాలాసేపు చూసి, "పడిపోద్దేమో అని పట్టుకోబుద్ది వేస్తంది. అందుకే గీసుంటాడు" అంది. చూడటం మానలేదు.

బొమ్మలన్నీ జాగ్రత్తగా విడదీసి, పాత పంచెల మధ్య పరిచి, వేపాకు చల్లి, పందిరిమంచం పరుపు కింద దాచేది. వానలు వెలిశాక ఒక్కొక్కటీ తీసి నీడలో ఆరబెట్టేది. నాన్న ఎదురుగా ఎప్పుడూ తియ్యలేదు. యుద్ధం వచ్చి కాగితం కరువయ్యాక పత్రికలు బక్కచిక్కాయి, రంగుల బొమ్మలు ఆగిపోయాయి. అమ్మ యుద్ధాన్ని తిట్టడం నేను విన్నది అప్పుడే.

అన్నిట్లోకీ అమ్మకి ఇష్టమైంది ఒకటుండేది. ఒక బెంగాలీ ఆయన వేసింది. నేల మీద ఒకావిడ కూచుని పువ్వులు గుచ్చుతూ ఉంటుంది. తల వంచుకుని ఉంటుంది, సగం మూసిన పొడుగాటి కళ్ళు, చిన్న నోరు. రవిక లేదు, ఒక్క చీరే, భుజం మీద నుంచి జారీ జారనట్టు. రంగు కూడా గట్టిగా వెయ్యలేదు, నీళ్ళల్లో కలిపి వదిలేసినట్టు ఉంటుంది. ఆవిడ చుట్టూ ఏమీ లేదు. అంతా ఖాళీ. ఆ ఖాళీ చూసి అమ్మ, "ఎంత పొద్దు ఉందో చూడు ఈవిడకి" అనేది. ఆ మాట అర్థం కావడానికి నాకు కాపురం చెయ్యాల్సి వచ్చింది.

యుద్ధం అయ్యాక నాకు పెళ్ళయింది. మా ఆయన అమలాపురం హైస్కూల్లో పంతులుగారు. ఆయనకీ బొమ్మలంటే సరదా. మద్రాసు వెళ్ళినప్పుడల్లా ఒకటో రెండో అచ్చుబొమ్మలు కొని, గొట్టంలా చుట్టి పట్టుకొచ్చేవారు. నన్ను కాపురానికి పంపిస్తున్నప్పుడు అమ్మ నా ట్రంకుపెట్టెలో చీరల మధ్య ఆ బొమ్మల కట్ట పెట్టేసింది. ఇష్టమైన ఆ ఒక్కటీ మాత్రం ఉంచుకుంది. అద్దె ఇల్లయితే ఏం, నాకంటూ నాలుగు గోడలున్నాయి గదా అని వాటిని పటాలు కట్టించడం మొదలుపెట్టాను.

అక్కడ మొదలయ్యాయి నా తిప్పలు. మా వీధి చివరే పటాలు కట్టే దుకాణం. దుకాణం నిండా దేవుళ్ళూ, చచ్చిపోయినవాళ్ళూ. వాళ్ళు తప్ప చట్రంలోకి ఎక్కే అర్హత ఇంకెవరికీ లేదని అతని నమ్మకం. అతనిదేమిటి, ఊరందరిదీను. మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ గోడలు చూసి, గొంతు తగ్గించి, "ఈవిడెవరండీ, మీ అత్తగారి తరఫు వాళ్ళా? ఎప్పుడు పోయేరండీ?" అని అడిగేవారు. పళ్ళెంలో పళ్ళ బొమ్మకి మా పక్కింటావిడ ఒక శుక్రవారం పూట బొట్టు పెట్టేసి వెళ్ళింది. గాజు తుడవలేక చచ్చాను.

పటాలవాడు మాట తీరులో బంగారం. ఎదురు చెప్పడు. "బొమ్మ చుట్టూ ఉన్న తెల్ల అంచు అలాగే ఉంచవయ్యా" అని నేను మొదటిసారి చెబితే, "ఖాళీ కాయితానికి గాజెందుకండీ అమ్మగారూ, దండగ" అన్నాడు. "నాకు ఆ ఖాళీయే కావాలి" అన్నాను. "ఆయ్, అలాగేనండీ" అన్నాడు. అని, నేను ఇంటికి రాగానే కత్తి పెట్టి కోసి పారేశాడు. అతని దగ్గర గాజుపలకలు రెండు మూడు సైజులే ఉండేవి. ఆ గాజుకి బొమ్మ సరిపడాలి గానీ బొమ్మకి గాజు సరిపడటమేమిటి? అడుగు అంచున చిత్రకారుడి సంతకం ఉంటే సంతకం కూడా చెత్తలోకే. "ఇక్కడ సంతకం ఉండాలి, ఏదయ్యా?" అని గయ్యిమంటే, "ఎవరిదండీ? తాసిల్దారు గారిదాండీ?" అని నిజంగానే భయపడ్డాడు.

అతని మరో విద్య చెమ్కీ పని. అచ్చుబొమ్మలో లక్ష్మీదేవి ఉందనుకోండి, ఆవిడ రవిక ఉన్నచోట మఖమల్ గుడ్డ కత్తిరించి అంటిస్తాడు. చీర అంచుకి జరీ, మెళ్ళో తళుకులు, చేతికి ఇత్తడి రేకు గాజులు. మొహం ఒక్కటే కాగితం మిగులుతుంది. జనం ఎగబడి చేయించుకునేవారు. నా బొమ్మలు చూసినప్పుడల్లా అతని చేతులు దురదపెట్టేవి. "ఈవిడికి కూసింత రవిక తొడిగేద్దావండీ, చూడ్డానికి బాగుంటాది" అనేవాడు. ఛీ, పో అని కసిరేదాన్ని. ఆ తరవాత నుంచి నా బొమ్మ కట్టినంతసేపూ ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూచునేదాన్ని.

ఒకసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు అమ్మ పరుపు కింద నుంచి తన బొమ్మ తీసి నా చేతిలో పెట్టింది. "దీనికీ కట్టించవే" అంది. అంతకుముందు అమ్మ నోరు తెరిచి నన్ను ఏదీ అడిగి ఎరగను. దాన్ని అమలాపురం పట్టుకెళ్ళి, చుట్టూ ఖాళీ అలాగే ఉండేలా పెద్ద గాజు తెప్పించి, సన్నటి టేకు చట్రంలో కట్టించి, నేనే జట్కాలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళి అమ్మ గదిలో తగిలించాను. నాన్న వచ్చి చూసి, "రవిక లేని ఆడదాన్ని తెచ్చి ఇంట్లో తగిలించేరేంటి, తియ్యండి" అన్నారు. అమ్మ తల వంచుకుని పప్పు రుబ్బుతూనే ఉంది. తియ్యలేదు. నాన్న మళ్ళీ అనలేదు. ఆ గదిలోకి ఆయన వచ్చేదే తక్కువ.

ఆ సాయంత్రం అమ్మ ఆ పటం ముందు నిలబడి చాలాసేపు చూసి అంది: "ఈవిడెవరో, ఏ ఊరో, ఒకరోజు కూచుని పువ్వులు గుచ్చింది. ఎవరో చూసి గీసేరు. ఇయ్యాల నా గోడ మీద ఉంది. నన్నూ ఎవరన్నా ఓ ఫొటో తీస్తే బాగుండునే. రేపు నీ పిల్లలకి చూపించొచ్చు, మీ అమ్మమ్మ ఇలా ఉండేదని."

అప్పటికి అమ్మకి ఒక్క ఫొటో కూడా లేదు. పెళ్ళినాటిది లేదు, నా పెళ్ళిలో తీసినదాంట్లో ఆవిడ లేదు. ఫొటో తీసే వేళకి ఆవిడ వంటల దగ్గర ఉంది. "ఇదెంత పనే అమ్మా, నేను తీయిస్తాను" అన్నాను.

అమలాపురం వెళ్ళగానే మా ఆయన చేత ఫొటోగ్రాఫరుని పురమాయించి మా ఊరు పంపించాను. నాకు అప్పుడు ఆరో నెల, ప్రయాణం వద్దన్నారని వెళ్ళలేకపోయాను. తరవాత జరిగింది అమ్మే నాకు చెప్పింది, అదీ నవ్వుతూ. ఆ నవ్వు తల్చుకుంటేనే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అతను సైకిలు మీద పెద్ద కెమెరా, మూడు కాళ్ళ స్టాండు కట్టుకుని వచ్చాడట. అతన్ని చూడగానే నాన్న అల్లుడుగారు తన ఫొటో తీయించమని పంపించారనుకున్నారు. అనుకోరూ మరి? ఆ ఇంట్లో ఫొటో తీయించుకోదగ్గ మనిషి ఇంకెవరున్నారు! పట్టు కండువా, వెండిపొన్ను కర్ర, వసారాలో కుర్చీ. అమ్మ లోపల పెట్టెలోంచి పెళ్ళినాటి పట్టుచీర తీసి కట్టుకుని, మొహం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, తలలో పువ్వులు పెట్టుకుని తలుపు వెనక నిలబడింది. నాన్నది ఒకటి అయింది. అతను తెచ్చినవి రెండే ప్లేట్లు, ప్లేటుకి ఒక్క ఫొటో. ఇంకోటి ఉంది అన్నాడట. అమ్మ గడప దాటి ఒక అడుగు వేసింది.

"ఒరేయ్, ఎడ్లు తోలుకు రండ్రా" అని కేకేశారు నాన్న.

పాలేళ్ళు ఎడ్లని కడిగి, కొమ్ములకి నూనె రాసి, మెళ్ళో మువ్వలు కట్టి తెచ్చి నిలబెట్టారు. అమ్మ మెల్లిగా, "ఏవండీ, అమ్మాయి నాది తియ్యమని…" అంటే, "ఆడవాళ్ళకి ఫొటోలేంటే? ఆయుష్షు తగ్గిపోద్ది" అన్నారట. ఆయనకి తగ్గదు. ఎడ్లకీ తగ్గదు. అమ్మ లోపలికి వెళ్ళి పట్టుచీర మడత పెట్టేసి, పాత చీర కట్టుకుని, ఫొటోగ్రాఫరుకి అన్నం వడ్డించింది. అడిగి మరీ వడ్డించిందట, గోంగూర పచ్చడి అతనికి నచ్చిందట.

నేను పురిటికి వెళ్ళేసరికి వసారాలో ఎడ్ల ఫొటో వేలాడుతోంది. బంగారు పూత చట్రం, నా అన్ని పటాలకంటే పెద్దది. నేను దాని ముందు నిలబడి పళ్ళు నూరుతూంటే అమ్మ పక్కకి వచ్చి, "ఎడ్లు బాగా పడ్డాయే" అంది. వెటకారం లేదు ఆ మాటలో. ఉంటే నాకు కొంచెం ఊరటగా ఉండేది.

నేను వదల్లేదు. అమలాపురం తీసుకొచ్చి స్టూడియోలో తీయిద్దామని ఎన్నిసార్లు కబురంపానో. ఊడ్పులని ఒకసారి, కోతలని ఒకసారి, మేనత్త కాలు బెణికిందని ఒకసారి. ఒకే ఒక్కసారి వచ్చింది. స్టూడియోకి మర్నాడు పొద్దున్న వెళ్దామనుకుంటే, తెల్లారేసరికి నాన్న పంపిన పాలేరు బండితో గుమ్మంలో ఉన్నాడు. గేదె ఈనిందట, అమ్మ లేకపోతే పాలు చేపదట. "ఈసారి వస్తాను లేవే" అని బండెక్కేసింది. ఆ ఏడు వానల్లో అమ్మకి విషజ్వరం వచ్చింది. కాలవలు పొంగి డాక్టరు వచ్చేసరికే ఆలస్యమయింది. నేను వెళ్ళేసరికి అమ్మ మాట్లాడే స్థితిలో లేదు. రెండు రోజులకి పోయింది.

పెళ్ళయిన కూతురికి తల్లి మైల మూడు రోజులే అంటారు. మూడు రోజులయ్యాక చంటిపిల్లని తీసుకుని అమలాపురం వచ్చేశాను. పెద్దకార్యం నాటికి మళ్ళీ వెళ్ళాను, మా ఆయనతో కలిసి.

వాకిట్లో పందిరి వేశారు. ఊరు ఊరంతా ఉన్నారు. పందిరి కింద తెల్లగుడ్డ పరిచిన కుర్చీ, కుర్చీలో పెద్ద పటం, పటానికి నిలువెత్తు దండ, అగరొత్తుల పొగ. దూరం నుంచి ఆ దండలో ఆడమనిషి మొహం అని మాత్రమే కనబడింది. అమ్మ ఫొటో! ఎవరు తీశారు? ఎప్పుడు తీశారు? నాకు చెప్పకుండా నాన్న ఎప్పుడో తీయించే ఉంటారు, పైకి అలా ఉంటారు గానీ అని, అంత దుఃఖంలోనూ ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. చంటిపిల్లని మా ఆయన చేతికి ఇచ్చేసి పరిగెత్తాను. దండ పక్కకి జరిపి చూశాను.

పువ్వులు గుచ్చే ఆవిడ. అమ్మ గదిలోది. ఆ బొమ్మే.

చుట్టూ ఖాళీ లేదు, మొత్తం కోసేశారు. ఒంటి మీద ఊదారంగు మఖమల్ రవిక. చీర అంచంతా జరీ. మెళ్ళో తళుకుల కాసులపేరు. చేతులకి ఇత్తడి రేకు గాజులు. చేతిలో పువ్వుల మాల ఉన్నచోట పసుపు రంగు పులిమి కుంకంభరిణె గీశారు. ముక్కుకి అటూ ఇటూ రెండు తెల్లరాళ్ళు. నుదుట రూపాయంత ఎర్రబొట్టు. ఆ నగలూ నాణ్యాల కింద అదే వంచిన తల, సగం మూసిన అవే కళ్ళు. పైనుంచి బంగారు పూత చట్రం, ఎడ్ల ఫొటోకి ఉన్నలాంటిదే. జోడీ కుదిరింది.

"ఇదేంటి? ఇది అమ్మ కాదు! ఎవరు చేసేరీ పని?" అని పందిరి ఎగిరిపోయేలా అరిచాను.

మా మేనత్త వచ్చి నన్ను పట్టుకుంది. "ఊరుకోమ్మా. దుఃఖంలో అలాగే ఉంటాది. అచ్చు మా వదినే కాదేంటి?" అంది.

"అచ్చు ఆవిడేనండీ" అంది ఎదురింటావిడ. "ఆ కళ్ళు చూడండి. ఎప్పుడన్నా తలెత్తి చూసేరా తల్లి."

"జీవకళ ఉట్టిపడతందండీ" అన్నారు ఇంకెవరో. ఒకావిడ చెంపలేసుకుని దణ్ణం పెట్టుకుంది. నిన్నటిదాకా అమ్మతో కాలవ రేవులో కలిసి బట్టలుతికినవాళ్ళు! అమ్మది నలుపు. నుదురు ఇంత వెడల్పు. నవ్వితే పైపన్ను ఒకటి పక్కపన్ను మీదకి ఎక్కి కనబడేది. ఆ పటంలోది పచ్చగా, కోలగా, దోసగింజంత నోరుతో ఎవరో బెంగాలీ పిల్ల! వీళ్ళలో ఒక్కరికైనా కళ్ళున్నాయా? ఇన్నేళ్ళూ ఒక్కరైనా మా అమ్మ మొహంలోకి చూశారా?

నాన్న నన్ను పక్కకి పిలిచారు. కోప్పడలేదు. "పదిమందిలో అరవకమ్మాయ్. పటం లేకుండా పెద్దకార్యం ఏం చేస్తాం? దండ దేనికెయ్యమంటావు? ఫొటో లేకపోయె" అన్నారు.

"ఎందుకు లేదు?" అన్నాను. "మీ ఎడ్లకుంది గదా."

ఆయన నా మొహం వంక అయోమయంగా చూశారు. నేనేమన్నానో ఆయనకి నిజంగా అర్థం కాలేదు. "మీ అమ్మ గదిలో ఉందని అదే మీ వీధి పటాలవాడి దగ్గరికి పట్టుకెళ్ళేను. మీ అమ్మ ఎప్పుడూ తల వంచుకునుండేది. అందులోనూ వంచుకునే ఉంది. అంతకన్నా ఏం కావాలే" అన్నారు.

అంతే. ముప్ఫై ఏళ్ళ కాపురంలో మా అమ్మ గురించి ఆయనకి తెలిసింది ఆ ఒక్క ముక్క. తల వంచుకుని ఉంటుంది. నా కన్నతండ్రి మీద నాకు అంత ఏవగింపు పుడుతుందని అనుకోలేదు. ఆ రోజు ఆ ఇంట్లో మెతుకు ముట్టలేదు.

అమలాపురం రాగానే తిన్నగా దుకాణానికి పోయాను. నన్ను చూడగానే పటాలవాడు పొంగిపోతూ లేచాడు. "ఎలా కుదిరిందండీ అమ్మగారూ? మఖమల్ కాకినాడ నుంచి తెప్పించేనండీ. నాన్నగారిని అన్నీ అడిగి అడిగి చేసేనండీ. ముక్కుపుడక ఎటుపక్కండీ అంటే ఆరికి గుర్తు రాలేదండీ. ఎందుకొచ్చిన గొడవని రెండు పక్కలా పెట్టేసేనండీ" అన్నాడు.

"అవన్నీ పీకెయ్" అన్నాను. "పటం ఊరి నుంచి తెప్పిస్తాను, ఆ గుడ్డా, ఆ రేకులూ పీకేసి నా బొమ్మ నాకు ఇచ్చెయ్."

అతను నొచ్చుకున్నాడు. "ఇంక ఊడవండీ. చెక్కకి మొత్తం జిగురు పట్టించి దిగ్గొట్టేనండీ. లాగితే మొహం కూడా ఊడొచ్చేస్తాదండీ" అన్నాడు. పొయ్యి మీద గిన్నెలో మైదా జిగురు బుడబుడలాడుతోంది. ఆ వాసన నా నెత్తికెక్కింది. దుకాణం మెట్లు దిగి పక్కనున్న కాలవ దగ్గర కక్కుకున్నాను.

బొమ్మ పోతే పోయింది, దానికి ఏడవలేదు నేను. కావాలంటే మద్రాసులో ఇంకోటి దొరుకుతుంది. నాకు భయం వేరే. ఫొటో లేకపోతే లేకపోయింది, అమ్మ ఉన్న చోట ఖాళీగా ఉంటే ఆ ఖాళీలో నేను నా అమ్మని చూసుకుంటాను. ఆ ఖాళీలో దీన్ని తెచ్చి కూచోబెట్టారు. ఇవాళ ఊరందరూ అచ్చు ఆవిడే అంటున్నారు. రేపు నా పిల్లకి మీ అమ్మమ్మ అని ఎవరో దీన్నే చూపిస్తారు. సంవత్సరీకానికి వెళ్ళి, ఎవరు అడ్డమొచ్చినా సరే, దాన్ని దించి కాలవలో పారేద్దామని పట్టు పట్టాను. మా ఆయనతో కూడా చెప్పాను. "మీ నాన్నగారితో గొడవ పడకు" అన్నారు. పడతానన్నాను.

ఆ ఏడాదంతా పటాలు కట్టించడం మానేశాను. అమ్మ మొహం మర్చిపోకూడదని పొద్దున్నే పిల్లకి పాలిచ్చేటప్పుడు కళ్ళు మూసుకుని తల్చుకునేదాన్ని. నుదురు, పన్ను, చెంప మీద చిన్నప్పటి కాలిన మచ్చ. వచ్చేది అమ్మ. వస్తోందని అనుకునేదాన్ని.

సంవత్సరీకానికి ముందురోజే వెళ్ళాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మేనత్త దొడ్లో ఉంది. అమ్మ గదిలో ఎవరో మాట్లాడుతున్నట్టుంటే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. నాన్న. నేల మీద బాసింపట్టు వేసుకుని పటం ముందు కూచున్నారు. ఏడాదిలో మనిషి సగమయ్యారు. "కాలవకి నీళ్ళొదిలేరు. ఎర్రెద్దు మేత తినట్లేదు. రేపు అమ్మాయొస్తాది, అరిసెలు చెయ్యమన్నాను" అని పటానికి చెబుతున్నారు.

అమ్మ బతికుండగా ఆయన అమ్మతో అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం నేనెన్నడూ వినలేదు. ఆ మఖమల్ రవిక బొమ్మకి దక్కాయి ఆ మాటలు. నాకు జాలి కలగలేదు. అసహ్యం వేసింది. లోపలికి వెళ్ళి, "లేవండి నాన్నా. ఆవిడ అమ్మ కాదు. నేను దింపేస్తాను" అని పటం మీదకి చెయ్యి చాపాను.

ఆయన అడ్డు రాలేదు. కూచున్న చోటు నుంచే తలెత్తి నన్ను చూశారు.

"దించమ్మా. నాకు మాత్రం తెలీదేంటి, ఆవిడ కాదని" అన్నారు. "మీ అమ్మ ఎలా ఉండేదే? నేను చూసుకోలేదు. నువ్వు బాగా చూసేవు గదా, కూసింత చెప్పు" అన్నారు.

ఆయన గొంతులో దబాయింపు లేదు. తెలీక అడుగుతున్నారు.

చెబుదామని నోరు తెరిచాను. "అమ్మ నలుపు నాన్నా" అన్నాను. "నుదురు వెడల్పు. నవ్వితే పైపన్ను…" అన్నాను. మాటలన్నీ వచ్చాయి. ఏడాదంతా పొద్దున్నే తల్చుకున్న మాటలే, ఒక్కటీ తప్పిపోలేదు. కానీ ఆ మాటల వెనక మొహం కోసం చూస్తే, వంచిన తల కనబడింది. సగం మూసిన పొడుగాటి కళ్ళు కనబడ్డాయి. గట్టిగా కళ్ళు మూసుకుని అమ్మని తలెత్తమన్నాను. తలెత్తలేదు. నలుపు రంగు ఆ పచ్చటి మొహానికే పట్టింది. ఆ పైపన్ను దోసగింజంత ఆ నోట్లోనే ఉంది.

"ఊఁ, నవ్వితే?" అన్నారు నాన్న.

నేను పటం దించలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, నాన్న పక్కన నేల మీద కూచుని, నేనూ దాన్నే చూశాను.